శిక్ష వేసిన స్వామే క్షమించాడు కదా
క్షమించే దేవుడు శిక్షించడని, ఈ రెండూ ఒకచోట కుదరవని ఒక వ్యాసంలో రాశారు. విశాఖలో సింహాచలం అప్పన్నను కొలుస్తూ పెరిగిన నాకు అది మింగుడుపడలేదు. అక్షయ తృతీయ ఒక్కరోజు తప్ప ఏడాదంతా చందనం పూతలో ఉండే ఆ స్వామి, హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుడే. భాగవతం ఏడో స్కంధంలో, ఆ తర్వాత ప్రహ్లాదుడు అడిగిన వరం చూడండి: నిన్ను ద్వేషించిన మా తండ్రి పాపం పోవాలి అని. 21 తరాలతో సహా పవిత్రుడయ్యాడన్నాడు స్వామి. చంపాడు, కానీ పగ పెట్టుకోలేదు. ఇంకొకటి, అక్కడ క్షమ అడిగింది ఆ తండ్రి చేతిలో నానా హింసలు పడ్డ కొడుకే. మన దగ్గరేమో అప్పు ఎగ్గొట్టి హుండీలో నోట్లు వేస్తారు, అప్పిచ్చినవాడి గడప మాత్రం తొక్కరు. అలాంటివాళ్లను ముందు బాకీ తీర్చి రమ్మని స్వామి అంటాడనే నేను నమ్ముతాను.