ఎర్రదా, పచ్చదా?

వచ్చి ఆరు రోజులైంది. గడియారం సెంటర్ దాకా పోయి కూరగాయలు తెచ్చుకోవాలన్నా మొహం చెల్లడం లేదు. ఎదురైన వాళ్ళెవరూ "న్యూజిలాండ్ ఎట్లుంది సారూ" అని అడగడం లేదు. "మోటరు నడుస్తున్నదా సారూ" అని అడుగుతున్నారు. మా అమ్మాయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజ్ నల్లగొండ అంతా ఒక చుట్టు తిరిగి వచ్చినట్టుంది. ఇక దాచి లాభం లేదు కాబట్టి నేనే చెప్పేస్తాను.

అమ్మాయి, అల్లుడు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటారు. వేసవి సెలవులకు రమ్మంటే నేనూ మా ఆవిడా వెళ్ళాం. వీసా తిప్పలు, విమానంలో మోకాళ్ళ నొప్పి, ఎయిర్‌పోర్టులో మామిడికాయ తొక్కు డబ్బా గొడవ, అవన్నీ ఇంకోసారి. నాకున్న కోరిక ఒక్కటే, దక్షిణార్ధగోళపు ఆకాశం చూడాలని. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకు సైన్సు చెబుతున్నానే గానీ నేను చూసింది తక్కువ. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో మన జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి వచ్చారు. అంతదూరం నుంచి వాళ్ళు వస్తే, మా నాయనమ్మ మాత్రం మమ్మల్ని లోపలేసి, తలుపు గొళ్ళెం పెట్టి, కిటికీకి గోనెసంచి కట్టింది. ఆ బాకీ ఏదో తీర్చుకోవాలని నా ఆశ.

అల్లుడు టెకపో సరస్సు దగ్గర నక్షత్రాల టూరుకు టికెట్లు తీశాడు. ఆ ప్రాంతమంతా 2012 నుంచి అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్. అక్కడ చీకటిని మనం చెరువును కాపాడుకున్నట్టు కాపాడుకుంటారు. పోల్చి చెప్పకూడదేమో, చెరువులు మనం పెద్దగా కాపాడుకున్నది లేదు. వీధిదీపాలకు కూడా వెలుగు పైకి పోకుండా మూతలుంటాయి. మా వీధిలో దీపం పగలు వెలుగుతుంది, రాత్రి ఆలోచిస్తుంది.

ఇక్కడ రోళ్ళు పగిలే ఎండలు కాస్తుంటే అక్కడ మేలో చలి మొదలవుతుంది. బనియన్, దానిమీద థర్మల్, చొక్కా, స్వెట్టర్, ఆపైన టూరు వాళ్ళిచ్చిన మోకాళ్ళ దాకా వచ్చే కోటు, తలకు మా ఆవిడ మంకీ క్యాప్, చేతులకు గ్లౌజులు. "చలికి ఫోన్ చార్జింగ్ తొందరగా దిగిపోతుంది, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి మామయ్యా" అని అల్లుడన్నాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాను. సైలెంట్‌లో కూడా పెట్టాను. రికార్డు కోసం ఇది గట్టిగా చెబుతున్నాను.

గైడు కుర్రాడు చాలా మర్యాదస్తుడు. మా పదిహేను మందినీ చీకట్లో నిలబెట్టి నియమాలు చెప్పాడు. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. తెల్లటి వెలుగు ఒక్క క్షణం పడినా ఆ అలవాటు పోతుంది, మళ్ళీ మొదటికే. అందుకని ఎర్రలైటు తప్ప ఇంకే లైటూ వెయ్యకూడదు. నేను అల్లుడితో "ఇది నేను తొమ్మిదో తరగతికి చెప్తాను" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటకే ఎక్కువ సిగ్గేస్తోంది.

అరగంట గడిచాక పైకి చూస్తే నోట మాట రాలేదు. చుక్కలు ఆరబోసిన వడ్లలా ఉన్నాయి. ఉత్తరాన ధ్రువ నక్షత్రం లేదు, సప్తర్షులు లేరు. అంటే అరుంధతి కూడా లేదు. అక్కడ మన పెళ్ళి జరిగితే పంతులుగారు ఏం చూపిస్తారో! మన దగ్గరా పట్టపగలే చూపిస్తారు కాబట్టి పెద్ద తేడా రాకపోవచ్చు. ఒక పక్కన రెండు మబ్బు తునకలు ఎంతకీ కదలకపోతే "అయ్యో, మబ్బు పడుతోంది" అని దిగులుపడ్డాను. అవి మబ్బులు కావట, మాజెలానిక్ మేఘాలట, వేరే గెలాక్సీలు. పెద్దదాని వెలుగు మన దాకా రావడానికి 1 లక్షా 60 వేల సంవత్సరాలు పడుతుంది. దాదాపు నెత్తిమీదే సదరన్ క్రాస్, అంటే మన త్రిశంకు. విశ్వామిత్రుడు పైకి పంపితే, ఇంద్రుడు కిందికి తోస్తే, మధ్యలో తలకిందులుగా వేలాడాడే, ఆయన. ఆ కథ ఇంగ్లీషులో అందరికీ చెప్పాలని ఉబలాటపడి గొంతు సవరించుకున్నాను.

అప్పుడు మెరిసింది.

ముందు ఎక్కడో ఉరుము లేని మెరుపు అనుకున్నాను. రెండోసారి మెరిసినప్పుడు నా ముక్కు నాకే కనిపించింది. వెలుగు నా కోటు మెడలోంచి, గడ్డం కిందినుంచి వస్తోంది.

ఇక్కడ మా బామ్మర్ది గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. వాడికి సెల్‌ఫోన్ రిపేర్ల షాపుంది. ఇంట్లో ఎవరి ఫోన్ చేతికి దొరికినా ఏదో ఒకటి నొక్కకుండా తిరిగివ్వడు. పోయిన దీపావళికి "బావా, నువ్వు ఫోన్ ఎత్తవు, గిట్ల పెడితే ఫోనొచ్చినప్పుడల్లా ఫ్లాష్ కొడ్తది" అని పెట్టాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది. సైలెంట్‌లో ఉన్నా అది కొడుతూనే ఉంటుందని మాత్రం వాడు చెప్పలేదు. నేను అడగలేదు. ఫోన్ చేస్తే ఎదుటివాళ్ళు ఎత్తేదాకా చెయ్యడం వాడికి ఇంకో అలవాటు.

మెరుపు ఆగదు. సెకనుకు రెండు. మంకీ క్యాప్‌లో ముఖం, కింది నుంచి తెల్లటి వెలుగు. వెలిగినప్పుడు ఉంటాను, ఆరినప్పుడు ఉండను. మన ఊళ్ళో అయితే కొరివిదయ్యం అని ఒక పేరుండేది, అందరూ కలిసి పరిగెత్తేవాళ్ళు. వాళ్ళకు ఆ సౌకర్యం కూడా లేదు. ఒక చిన్నపిల్ల కెవ్వున ఏడ్చింది. "లైట్, లైట్" అని నాలుగైదు గొంతులు. కోటు జిప్పు లాగితే రాదు. గ్లౌజుతో పట్టు దొరకదు, గ్లౌజు విప్పుదామంటే దాన్ని రెండో గ్లౌజుతో విప్పాలి. రెండు చేతులతో మెడ మూశాను. వెలుగు చెవుల పక్కనుంచి రావడం మొదలుపెట్టింది. లక్షా అరవై వేల ఏళ్ళు నడిచి నడిచి ఆ వెలుతురు ఈ పదిహేను మంది కళ్ళ దాకా వస్తే, ఆఖరి నిమిషంలో నా చొక్కా జేబు అడ్డం పడింది.

ఆ గాభరాలో నాకు తోచిన ఉపాయం ఒక్కటే. నేలమీద బోర్లా పడుకున్నాను.

ఆకాశం చూడ్డానికి 11 వేల కిలోమీటర్లు దాటి వెళ్ళి, మంచు పట్టిన గడ్డిలో మొహం దాచుకుని, రెండు చేతులూ మెడకింద పెట్టుకుని పడుకున్నాను. త్రిశంకు పైన తలకిందులుగా, నేను కింద బోర్లా. మా ఆవిడ గుండెపోటు అనుకుని "అయ్యో" అని కేకేసింది. దాంతో అప్పటిదాకా కోపంగా ఉన్నవాళ్ళు కూడా చుట్టూ మూగారు. గైడు పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. గ్లౌజు మీదనుంచే. అమ్మాయి నన్ను వెల్లకిలా తిప్పి, జిప్పును ఒక్క గుంజు గుంజి, ఫోన్ బయటికి తీసింది. ఆ గుంజులాటలో ఎక్కడ నొక్కుకుందో, కాల్ ఎత్తింది, స్పీకరూ ఆన్ అయింది.

"బావా! ఎర్రలైటు ఎలుగుతంది. పచ్చది ఒత్తాల్నా, ఎర్రది ఒత్తాల్నా?"

ఆ నిశ్శబ్దంలో వాడి గొంతు సరస్సు అవతలి ఒడ్డు దాకా వెళ్ళి ఉంటుంది. సంగతేమిటంటే, మేము ఊళ్ళో లేని నెలరోజులూ దేవరకొండ దారిలో ఉన్న మా బత్తాయి తోటను వాడికి అప్పగించాం. మేలో నీళ్ళు సరిగ్గా పెట్టకపోతే పిందె రాలుతుంది. మోటరు స్టార్టరు దగ్గర నిలబడి అడుగుతున్నాడు. మాకు రాత్రి పది, వాడికి మధ్యాహ్నం మూడున్నర.

గైడు "ఏమంటున్నాడు, ఏదైనా ఎమర్జెన్సీయా?" అని అల్లుణ్ణి అడిగాడు. అల్లుడికి ఎంబీయే ఉంది గానీ కంగారులో అదేం పనికొస్తుంది? "ఎర్రదా, పచ్చదా అని అడుగుతున్నాడు" అని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. గైడు లైట్ల సంగతే అనుకున్నాడు పాపం. ఎవరో ఆకుపచ్చ లైటుకు పర్మిషన్ అడుగుతున్నారని భయపడి, ఫోన్ దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు:

"రెడ్! ఓన్లీ రెడ్!"

"సరే సార్, ఎర్రదే ఒత్తిన" అని వాడు ఫోన్ పెట్టేశాడు.

ఎర్రది ఒత్తితే మోటరు ఆగిపోతుంది. అది వాడికి తెలియదు, రెండు రోజుల దాకా తెలియలేదు.

తర్వాత మళ్ళీ కళ్ళు చీకటికి అలవాటు పడాలి కదా, ఇరవై నిమిషాలు అందరూ నిలబడ్డారు. ఒక్కరూ నన్ను ఏమీ అనలేదు. ఎవరైనా తిడితే బాగుండు అనిపించింది. మన దగ్గరైతే రెండు మాటలని, ఏ ఊరని అడిగి, ఆఖరికి చాయ్ తాగేవాళ్ళం. టెలిస్కోప్ దగ్గర సిగ్గుకొద్దీ చివర నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. ఒమేగా సెంటారి అని లక్షల నక్షత్రాల గుంపట, నాకు నా కనురెప్ప వెంట్రుకలు కనిపించాయి. "చాలా బాగుంది" అన్నాను.

తిరిగి వెళ్ళేటప్పుడు గైడు నన్ను ఓదార్చాలనుకున్నాడు. మీ ఊరు ఎన్ని డిగ్రీల అక్షాంశం మీద ఉందని అడిగాడు. ఉత్తరాన 17 అన్నాను. "అయితే సదరన్ క్రాస్ మీకు ఇంటి దగ్గరే కనిపిస్తుందే! మేలో రాత్రి తొమ్మిదింటికి నేరుగా దక్షిణం వైపు చూడండి, కాస్త కిందగా ఉంటుంది" అన్నాడు. మా ఆవిడ అక్కడే నా వైపు చూసింది. టికెట్ల ఖర్చు ఆమెకు నోటికి వచ్చు.

ఇరవై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, నాకు తట్టలేదు.

నిన్న రాత్రి డాబా ఎక్కాను. దక్షిణాన ఫంక్షన్ హాలుంది, దానిమీద లేజర్ లైట్లు. తోటకు పోతే చీకటి దొరుకుతుంది గానీ బామ్మర్దిని చూడాలంటేనే ఒళ్ళు మండుతోంది. రెండు వరుసల్లో పిందె రాలింది. వాడేమో "బావనే తెల్లోనితో చెప్పించిండు" అని బజారంతా చెబుతున్నాడు. మా ఆవిడకు తమ్ముణ్ణి ఒక్క మాటంటే కిట్టదు. "చూడనియ్యకపోతే ఏమాయె, వాడు తోట కోసమే కదా ఫోన్ చేసింది" అంటుంది.

పొద్దున వాడి షాపుకు వెళ్ళి, ఫోన్ బల్లమీద పెట్టి, "ముందు ఈ ఫ్లాష్ తీసెయ్‌రా" అన్నాను. వాడు నిజంగా ఆశ్చర్యపోయాడు.

"తీసేస్తే ఫోనొచ్చినట్టు నీకెట్ల తెలుస్తది బావా?"