ఆనందబాష్పాల ఎమోజీ గారికి ఒక ఫ్లాటు ఓనరు లేఖ

మహారాజశ్రీ ఆనందబాష్పాల ఎమోజీ గారి దివ్యసముఖమునకు,

ఫ్లాట్ నంబరు 302 నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. కనీసం వాట్సాప్‌లో క్షేమం.

2010లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తుపట్టే అక్షరాల పట్టికలో, చోటు సంపాదించారు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు మిమ్మల్నే ఆ ఏటి మేటి పదంగా ఎంచారు. ఒంటి మీద అక్షరం ముక్క లేకుండా అంత బిరుదు కొట్టేశారు, సంతోషం. కానీ మా అపార్ట్‌మెంట్ గొడవలకు మిమ్మల్ని పెద్దమనిషిగా కూర్చోబెట్టిందెవరండీ?

మొన్నటి సంగతే వినండి. 401 వాళ్ల రెండో కారు నా కారుకు అడ్డంగా పెట్టారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, అందుకని "మీ కారుకు మా కారు నచ్చినట్టుంది, వదిలి కదలట్లేదు" అని రాసి చివర మిమ్మల్ని తగిలించాను. "అయితే ముహూర్తం పెట్టించండి బావగారూ" అంటూ ఆయన మీలాంటి వాళ్లను ముగ్గుర్ని పంపారు. కట్నం మాటేమిటన్నారు సెక్రటరీ గారు. నాలుగు నెలలుగా ట్యాంకర్ డబ్బులు కట్టని 104 వాళ్లు కూడా భోజనాలెప్పుడని అడిగారు! గ్రూపంతా పసుపు. పెళ్లిమాటలు బ్రహ్మాండంగా నడిచాయి, కారు మాత్రం అంగుళం కదల్లేదు. నేను ఆటోలో ఆఫీసుకెళ్లాను.

అక్కడా మీరే. శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరే వేళకు "వీకెండ్‌కి ఎవరికీ పెళ్లిళ్లు పేరంటాలు లేవుగా?" అని మేనేజర్ గారి మెసేజ్, పక్కన మీరు. మేమూ మిమ్మల్నే తిప్పి పంపాలి. ఓ కుర్రాడు "ఉన్నాయి సార్" అని ఊరికే ఉన్నమాట రాశాడు. "సరదాకన్నానయ్యా, అంత సీరియస్ అయితే ఎలా?" అన్నారు. ఆదివారం పోయింది కుర్రాడిదే, హాస్యం తెలియనివాడన్న పేరూ వాడికే.

కెనడాలో రాడ్ మార్టిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విడగొట్టింది. నలుగురినీ కలిపేది, కష్టంలో మనల్ని నిలబెట్టేది, ఎదుటివాణ్ణి పొడిచేది, తనను తానే చిన్నబుచ్చుకునేది. మీరేమో నాలుగింటికీ అదే మొహం వేసుకుని తయారవుతారు. పొడిచినవాడికీ మీరే, పొడిపించుకున్నవాడికీ మీరే.

మా టెస్టింగ్ మేడమ్ గారిని చూసైనా నేర్చుకోండి. డెవలపర్లూ టెస్టర్లూ తప్పు మీదంటే మీదని మీటింగ్‌లో గొంతులు పెంచుతుంటే, ఆవిడ చెయ్యెత్తి "ఈ బగ్గు నా కళ్లముందే పాకుతూ బయటికెళ్లింది, బుగ్గ గిల్లి మరీ పంపాను" అన్నారు. గదంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే "సోమవారం పన్నెండింటికల్లా మళ్లీ టెస్ట్ చేసిస్తాను, మీ ఫిక్స్ ఎప్పుడిస్తారు?" అని అడిగేశారు. జోకు తన మీద వేసుకుని, తేదీ వాళ్ల చేత చెప్పించారు. మా మేనేజర్ గారు తన మీద తాను జోకేసుకోగా విన్నవాళ్లు ఆఫీసులో లేరు.

ఇంతకీ అసలు పని. ఈ ఏడాది ఇంక్రిమెంట్ సంగతేమిటని ఆయనకు చాలా మర్యాదగా మెసేజ్ పెట్టాను. జవాబుగా మిమ్మల్నొక్కరినే పంపారు, ముందు మాట లేదు, వెనక మాట లేదు. వచ్చినవారు మీరే కాబట్టి అడుగుతున్నాను, ఎంత శాతం?

ఇట్లు,
302