ఊటకు టికెట్ పెట్టండి

చెరువు కట్టకు రెండు ముఖాలు. ఎగువ ముఖానికి పర్యాటకులు, దిగువ ముఖానికి ముళ్లకంపలు. ఇదీ మనం చేసిన పంపకం. ఎగువన బోటింగు, ఊగే వంతెన, 'ఐ లవ్' అంటూ ఊరి పేరుతో వెలిగే అక్షరాలు. దిగువన ఏముందో తెలిసింది పశువుల కాపర్లకే. కట్టలోంచి ఊరే నీటికి మండు వేసవిలోనూ అక్కడ గడ్డి పచ్చగా ఉంటుందని గేదెలను అటే తోలుతారు. ఇంతటి సహజసిద్ధమైన పచ్చదనం కట్ట కిందే ఉండగా ఎకో టూరిజానికి వేరే చోటు వెతకడం దండగని నా మనవి.

దీనికి అడ్డు తగిలేది పాతకాలం మనుషులు. ఎంత పాత అంటే, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు, కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు కట్టించిన భాస్కరుడు 1369లోనే శాసనం చెక్కించి, చెరువుకు ఉండే ఆరు దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడాన్ని మొదటిదిగా పెట్టాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలనీ చెప్పాడు. పన్నెండింటిలో ఒక్క సెల్ఫీ పాయింటూ లేదు. పాపం, ఆయనకు సలహాదారులు దొరికినట్టు లేరు.

నిజానికి మట్టికట్ట అన్నాక కొంత ఊట తప్పదు. నీరు తేటగా, ఎప్పటి కొలతలోనే ఉంటే భయం లేదు. ఉన్నట్టుండి పెరిగినా, మట్టి కలిసి వస్తున్నా కట్ట లోపల్లోపలే కరిగిపోతోందన్నమాట. అమెరికాలోని టీటన్ డ్యామ్ దగ్గర 1976 జూన్ 5 పొద్దున బురద నీరు కనిపించింది. మధ్యాహ్నం కాకముందే డ్యామ్ తెగింది, 11 మంది పోయారు. ఈ తేడా పసిగట్టడానికే దిగువన వి ఆకారపు గాటున్న రేకు బిగిస్తారు. గాటులో నీరు ఎంత ఎత్తున పారుతోందో రోజూ రాసుకుంటే చాలు. ఆ రేకు తుప్పు పట్టి, గాటు నిండా నాచు పేరుకుని, నీరు పక్కనుంచి దారి చేసుకుని పోతున్నా, రిజిస్టరులో మాత్రం నెలంతా ఒకే అంకె, ఒకే సిరా.

అసలు చిక్కు నీటిమట్టం దగ్గర. ఊట సంగతి తేల్చాలంటే మట్టం దించుతూ, ఎక్కడికి వచ్చేసరికి ఊట తగ్గిందో చూడాలి. మట్టం దించితే బోటు బురదలో కూర్చుంటుంది, బోటు కాంట్రాక్టరు కలెక్టరేటులో కూర్చుంటాడు. కనుక చెరువును నిండుగానే ఉంచి, కట్ట మీద నీడ కోసం మొక్కలు నాటుతున్నారు. వాటి వేళ్లు కట్టలోకి దారులు చేస్తాయి. దీపస్తంభాలకు తవ్విన గుంతలు, ఎండ్రకాయల బొరియలు వాటికి తోడు. జీవవైవిధ్యానికి ఇంతకన్నా ఏం కావాలి?

2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. డిసెంబరులో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. అది 15 మీటర్లు దాటిన వాటిని చూస్తుంది, కొన్ని షరతుల మీద 10 మీటర్ల దాకా వంగుతుంది. ఊరి చెరువు కోసం అంతకన్నా వంగితే చట్టానికి నడుం పట్టేస్తుంది.

కాబట్టి ఊట దగ్గరే టికెట్ కౌంటర్ పెట్టండి. ఫొటోకు పనికొచ్చే చోటికి నిధులు రాకపోవు. నిధులొస్తే ముళ్లకంప కొట్టేస్తారు, దారి వేస్తారు. మంత్రిగారు ప్రారంభోత్సవానికి వస్తారు. ఆయన వచ్చే ముందు రోజు ఎవరో ఒకరు ఆ రేకు తోమక తప్పదు. సందర్శకుల ఫోన్లలో నీటి రంగు తేదీతో సహా నమోదవుతుంది. ఇంత నిఘా ఇప్పటిదాకా ఏ శాఖా పెట్టలేదు. నిబంధనలు కూడా రాసి ఉంచాను: తేట నీటికి మామూలు టికెట్. నీరు ఎర్రబడిన రోజు డబ్బు వాపసు ఇవ్వబడదు. గుట్ట మీదికి దారి ఎడమవైపు.