తొంభయ్యో ఏట దక్కిన ‘సర్’

రగ్బీ లీగ్ క్రీడాకారుడు బిల్లీ బోస్టన్‌ను 2025 జూన్‌లో బ్రిటన్ రాజు ఛార్లెస్ ‘సర్’ బిరుదునిచ్చే నైట్‌హుడ్‌తో సత్కరించారు. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్లు. ఆ ఆట పుట్టి 130 ఏళ్లు కావస్తుండగా, ‘సర్’ అనిపించుకున్న తొలి ఆటగాడు ఆయనే. ఇందుకు మేం మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాం. ఇంత ఆలస్యం ఎందుకు జరిగిందని మాత్రం అడగక తప్పదు.

బోస్టన్ 1934లో కార్డిఫ్ రేవు పక్కనున్న టైగర్ బేలో పుట్టారు. తండ్రి సియర్రా లియోన్ నుంచి వచ్చిన ఓడ కార్మికుడు, తల్లి ఐరిష్ మూలాలున్న కార్డిఫ్ మహిళ. వారి పదకొండు మంది సంతానంలో ఈయన ఒకరు. కార్డిఫ్‌ క్లబ్బుకూ వేల్స్‌కూ రగ్బీలోని మరో రూపం, పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ ఆడాలన్నది ఆయన చిన్ననాటి కోరిక. సొంత ఊరి క్లబ్బు ఆయన్ను పిలవలేదు. 1953లో ఉత్తర ఇంగ్లండ్‌లోని విగన్ క్లబ్బు మూడు వేల పౌండ్లిచ్చి తీసుకుంది.

డబ్బు తీసుకుని లీగ్‌లో చేరితే యూనియన్ తలుపులు జన్మంతా మూసుకుపోయేవి. 1995 దాకా అదే పద్ధతి. దీని మూలం 1895లో ఉంది. శనివారం ఆటకు వెళ్తే గనుల్లో, మిల్లుల్లో కూలి పోయేది. ఆ నష్టం పూడ్చడానికి ఆట పెద్దలు ఒప్పుకోకపోవడంతో ఉత్తరాది క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి. పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ అలా కార్మికుల ఆటగా ఎదిగింది.

మైదానం అంచున పరుగెత్తే వింగర్‌గా బోస్టన్ విగన్ తరఫున 488 మ్యాచ్‌ల్లో 478 ట్రైలు సాధించారు. బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకిస్తే ట్రై. ఎదురుగా మీద పడేవాళ్లను తోసుకుంటూ, దాదాపు మ్యాచ్‌కు ఒకటి చొప్పున పదిహేనేళ్లు అలా చేయడం మామూలు విషయం కాదు. సీనియర్ జట్టులో కొద్ది మ్యాచ్‌లు ఆడగానే 1954లో బ్రిటన్ జట్టుతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు వెళ్లి 36 ట్రైలు చేశారు. 1957 ప్రపంచ కప్ తర్వాత అదే జట్టు దక్షిణాఫ్రికాలో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడింది. అక్కడి వర్ణవివక్ష కారణంగా బోస్టన్ మాత్రం ఒంటరిగా ఇంటికి తిరిగొచ్చారు. ఆయన లేకుండా ఆ మ్యాచ్‌లు ఆడటానికి యాజమాన్యం ఒప్పుకోవడం ఆ ఆట చరిత్రలో సిగ్గుపడాల్సిన ఘట్టమని మా అభిప్రాయం.

బోస్టన్ విగన్‌లో చేరిన 1953లోనే క్రికెటర్ జాక్ హాబ్స్ ‘సర్’ అయ్యారు. విగన్‌తో బోస్టన్ రగ్బీ లీగ్ ప్రధాన నాకౌట్ ట్రోఫీ అయిన ఛాలెంజ్ కప్‌ను మూడోసారి గెలిచిన 1965లో ఫుట్‌బాల్ ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌కు ఆ గౌరవం వచ్చింది. వాళ్లిద్దరూ అర్హులే. లీగ్ ఆటగాళ్ల వంతు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. విగన్ జనం బోస్టన్‌కు ఊళ్లో విగ్రహం పెట్టుకున్నది 2016లో. గనుల ఊళ్లు గుండెకు హత్తుకున్న మనిషి లండన్ కళ్లకు ఇంతకాలం ఆనకపోవడానికి ప్రాంతం, వర్గం అడ్డుపడ్డాయని మేం నమ్ముతున్నాం. వర్ణం అడ్డు కాలేదని కూడా అనలేం.

కార్డిఫ్‌లోనే పుట్టిన క్లైవ్ సలివన్ నల్లజాతి కెప్టెన్‌గా 1972లో బ్రిటన్‌కు రగ్బీ లీగ్ ప్రపంచ కప్ గెలిపించారు. నలభై రెండేళ్లకే, 1985లో కన్నుమూశారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని హల్ నగరంలోకి వెళ్లే పెద్ద రోడ్డుకు ఆయన పేరుంది. మరణానంతరం నైట్‌హుడ్ ఇచ్చే ఆనవాయితీ బ్రిటన్‌లో లేదు. దాన్ని మార్చి సలివన్‌తో మొదలుపెట్టాలి. లీగ్‌లో వయసు పైబడిన మిగతా దిగ్గజాల పేర్లను పురస్కారాల కమిటీలు వాళ్లు బతికుండగానే పరిశీలించాలి.