చెడు కబురు ముందే చేరే చోటే మంచి టెక్ లీడ్

రుషికొండలో 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు టీసీఎస్‌కు కేటాయించాలని 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అప్పటి నుంచి విశాఖలో చర్చంతా ఎన్ని ఉద్యోగాలు వస్తాయన్న దాని చుట్టూనే తిరుగుతోంది. ఇన్ఫోసిస్ 2023లోనే ఇక్కడ కేంద్రం తెరిచింది. కోడ్ రాయగల యువతకు ఉత్తరాంధ్రలో కొదవ లేదు గానీ, వారిని జట్టుగా నడిపించే టెక్ లీడ్‌లు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్న పెద్దగా వినిపించడం లేదు.

లీడ్‌ల ఎంపిక ఎలా జరుగుతుందో ఈ రంగంలో ఉన్నవారికి తెలిసిందే: కొన్నేళ్ల అనుభవం, కోడ్ మీద మంచి పట్టు, అప్రైజల్‌లో రేటింగ్ ఉంటే పదోన్నతి దానంతటదే వస్తుంది. మంచి మేనేజర్ల లక్షణాలేమిటో తేల్చేందుకు గూగుల్ 2008లో మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ అధ్యయనం ఎనిమిది అంశాలను గుర్తించగా, సాంకేతిక నైపుణ్యం వాటిలో చిట్టచివరన నిలిచింది. టెక్ లీడ్‌కు ఆ నైపుణ్యం మేనేజర్‌కన్నా ఎక్కువే కావాలి, అందులో వాదన లేదు. అయినా నా దృష్టిలో అసలు గీటురాయి వేరు: జట్టులోని చెడు కబురు లీడ్ చెవికి ఎంత త్వరగా చేరుతోంది?

ఉదయం స్టాండప్ మీటింగ్‌లో, అంటే ఎవరి పని ఎంతవరకు వచ్చిందో జట్టంతా క్లుప్తంగా చెప్పుకునే సమావేశంలో, పేమెంట్ మాడ్యూల్ సంగతి అడిగితే, కొత్తగా చేరిన కుర్రాడు ‘దాదాపు అయిపోయింది సార్’ అంటాడు. మర్నాడూ అదే జవాబు. గడువు ముంచుకొచ్చాక తేలేదేమిటంటే, క్లయింట్ వైపు నుంచి రావలసిన ఏపీఐ కీ (వారి సిస్టమ్‌తో మన ప్రోగ్రామ్‌ను కలిపేందుకు కావలసిన రహస్య సంకేతం) అసలు రానేలేదు. అడిగితే ఏమనుకుంటారోనని అతను ఎవరినీ అడగలేదు. దీన్ని బద్ధకంగా చూడటం పొరపాటు. వైవాలో తెలియదంటే చీవాట్లు తిని పెరిగినవాడు ఆఫీసులో మాత్రం తెలియదని ఎలా అంటాడు? ఎంత శాతం అయిందని కాక, ఎక్కడ ఆగింది, ఎవరితో మాట్లాడితే కదులుతుంది అని అడిగే లీడ్ దగ్గరే ఆ నోరు పెగులుతుంది.

పొరపాటు జరిగాక లీడ్ ఎలా ప్రవర్తిస్తారన్నది ఇంకా కీలకం. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను ఆన్‌లైన్‌లో భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లోని అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్‌లు విఫలమవుతున్నాయి, ఆ సంగతి తెలపాల్సిన హెచ్చరిక ఈమెయిళ్లూ అందడం లేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన స్నాప్‌షాట్ (డేటాబేస్ నకలు) ఉండబట్టి సరిపోయింది గానీ, ఆ ఆరు గంటల డేటా పోయింది. సంస్థ జరిగినదంతా బహిరంగంగా రాసి, వ్యక్తి మీద కాక పనితీరులోని లొసుగుల మీద వేలు పెట్టింది. అదే ఆ ఇంజనీరును బయటికి పంపి చేతులు దులుపుకుని ఉంటే, పనిచేయని బ్యాకప్ గురించి నోరు విప్పే ధైర్యం ఇంకెవరికి ఉంటుంది?

జూనియర్ కోడ్ నచ్చకపోతే రాత్రికి రాత్రి తామే తిరగరాసే లీడ్‌లూ ఉన్నారు. రిలీజ్ గట్టెక్కుతుంది, ఆ జూనియర్ మాత్రం ఉన్నచోటే ఉంటాడు. ఏఐ సాధనాలు గుట్టలుగా కోడ్ రాసిపెడుతున్న ఈ రోజుల్లో ఆ కోడ్‌లో తప్పొప్పులు చూసే రివ్యూ భారమంతా ఒక్కరే మోయడం ఎలాగూ కుదరదు.

జట్టు చెప్పిన నిజాన్ని క్లయింట్ దాకా మోయడం ఇంకా కష్టం. సాయంత్రం అమెరికా కాల్‌లో ‘శుక్రవారానికి ఇచ్చేస్తాం’ అనడం తేలిక. ఏది ఇవ్వగలమో, ఏది వాయిదా వేయాలో కారణాలతో సహా చెప్పాలంటే పని లోతుపాతులు తెలియాలి. సాంకేతిక జ్ఞానం లీడ్‌కు నిజంగా అక్కరకొచ్చేది అక్కడే.

కాబట్టి విశాఖలో కొత్తగా అడుగుపెడుతున్న సంస్థలు లీడ్ ఇంటర్వ్యూల్లో సిస్టమ్ డిజైన్ (సాఫ్ట్‌వేర్ మొత్తం నిర్మాణం) ప్రశ్నలతో పాటు, గడువు కుదరదని క్లయింట్‌కు చివరిసారి ఎప్పుడు చెప్పారో, ఎలా చెప్పారో కూడా అడగాలి. మనుషులను నడిపించడం ఇష్టంలేని మంచి ప్రోగ్రామర్‌కు లీడ్ కుర్చీ అంటగట్టకుండా, అదే జీతంతో సాంకేతిక నిపుణుడిగానే ఎదిగే దారి ఉంచాలి.