మొదటి మునకలో మనిషి ఉండకూడదు

సొంతంగా సబ్‌మెరైన్ కట్టుకుని చెరువులో దిగిన కుర్రాడి వీడియో నిన్న రాత్రి మా అల్లుడు పంపాడు. మూత బిగించుకున్నాడు, మునిగాడు. గట్టు మీద ఈలలు, కింద పొగడ్తల కామెంట్లు. అతను పైకి తేలేదాకా నాకు ఊపిరాడలేదు. పని బాగా చేశాడు, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. కానీ దానికి అదే మొదటి మునకట! నా గొడవంతా అక్కడే.

గాజువాక వైపు ఫ్యాబ్రికేషన్ షాపులో ఇరవై రెండేళ్లుగా ప్రెజర్ ట్యాంకులు చేయిస్తున్నాను. ఎంత చేయి తిరిగిన వెల్డర్ చేసినా, హైడ్రో టెస్ట్ కాకుండా ట్యాంకు గేటు దాటదు. నీళ్లు నింపి, రేపు పనిలో మోయాల్సిన దానికంటే ఎక్కువ ప్రెజర్ ఎక్కించి, గేజు ముల్లు చూస్తూ కూర్చుంటాం. ఒకసారి నున్నగా మెరుస్తున్న అతుకులోంచి సన్నటి తీగలా నీళ్లు చిమ్మాయి. పిన్‌హోల్, అంటే అతుకులో కంటికి ఆనని సూదిబెజ్జం. ట్యాంకు కాబట్టి గ్రైండ్ చేసి మళ్లీ వెల్డ్ చేశాం. అందులో మనిషి కూర్చుని ఉంటే?

పైగా ట్యాంకుని ప్రెజర్ లోపలినుంచి ఉబ్బిస్తుంది, సబ్‌మెరైన్‌ని నీళ్లు బయటినుంచి నొక్కుతాయి. అక్కడ గుండ్రం ముఖ్యం. ప్లేటు మందంగానే ఉన్నా, రోలింగ్‌లో సొట్ట మిగిలితే అక్కడే లోపలికి కుంగుతుంది. 10 మీటర్ల లోతులో చదరపు సెంటీమీటరుకి 1 కిలో బరువు అదనంగా పడుతుంది. అంటే 60 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి మూత మీద 2,800 కిలోలు. లోపలినుంచి ఎవరు తోయగలరు?

1851 ఫిబ్రవరి 1న కీల్ రేవులో జర్మన్ విల్‌హెల్మ్ బావర్‌కి ఎదురైంది ఇదే. డబ్బు చాలక పలుచటి ప్లేట్లతో కట్టిన ఆయన సబ్‌మెరైన్ బ్రాండ్‌టౌఖర్ ట్రయల్లోనే అడుగుకి పోయింది. లోపల ముగ్గురు. బావర్ చెప్పిన ఉపాయం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నీళ్లని లోపలికి రానిచ్చి, లోపలి గాలి ఒత్తిడి బయటి నీళ్లతో సమానమయ్యేదాకా ఆగుదామన్నాడు. నీళ్లు పైకి లేస్తుంటే గంటల తరబడి అలాగే ఆగారు. మూత తెరుచుకుంది, ముగ్గురూ బతికారు.

1774లో ఇంగ్లండులో జాన్ డే బతకలేదు. పడవలో బిగించిన చెక్క గదిలో తక్కువ లోతుకి ఒకసారి దిగి వచ్చిన ధైర్యంతో, అదే తీరు గదిలో ప్లిమత్ దగ్గర చాలా ఎక్కువ లోతుకి దిగాడు. తిరిగి రాలేదు.

ఇంట్లో కట్టడమే తప్పనే మాట మాత్రం నేనొప్పుకోను. అమెరికా ఆయన కార్ల్ స్టాన్లీ టీనేజీలోనే మొదటి సబ్‌మెరైన్ మొదలుపెట్టాడు. తర్వాత తాను కట్టిన ఇడాబెల్‌లో హోండురాస్‌లోని రోటాన్ దగ్గర జనాన్ని 600 మీటర్ల లోతుకి తీసుకెళ్లాడు. 2019లో, మునిగిన టైటానిక్ ఓడని చూపించడానికి కట్టిన టైటాన్ సబ్‌మెరైన్‌లో దిగి, పగుళ్ల శబ్దం విని, దాని యజమానిని హెచ్చరించిందీ ఈయనే. టైటాన్ బాడీని తర్వాత మార్చారు గానీ తొందర తగ్గలేదు. 2023 జూన్ 18న అది నీటి ఒత్తిడికి నలిగి లోపలున్న ఐదుగురు పోయారు.

తమ్ముళ్లూ, మీ బరువుకి సరిపడా ఇసుక బస్తాలు లోపల పెట్టి, క్రేన్‌కి కట్టి ముంచండి. మీరు దిగాలనుకున్న లోతు కంటే కిందికి దించి, గంట ఉంచి, పైకి తీశాక లోపలి అతుకులన్నీ చేత్తో తడిమి చూడండి. ఆ తర్వాతే మీరెక్కండి, అదీ మూత నీటిమట్టానికి పైనే ఉండేంత లోతు తక్కువ నీళ్లలో. లోపల ఎంతసేపు ఉంటారో ముందే లెక్కేసుకోండి. ఆక్సిజన్ అయిపోకముందే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ మత్తెక్కించి పడేస్తుంది.

క్రేన్ దొరకలేదా? విశాఖ చుట్టుపక్కల వాళ్లయితే మెసేజ్ పెట్టండి. ఆదివారం పెట్టుకుందాం, తాడు దగ్గర నేనుంటాను.