సోమయ్య పెదాలు నాకితే బండి ఆపాలి

మా కుక్క అసలు పేరు స్నోయీ. మా అమ్మాయి పెట్టింది. ఆ పేరు నోరు తిరగక మా అత్తయ్యగారు సోమయ్య అన్నారు. పెరుగన్నం గిన్నె ఉండేది ఆవిడ చేతిలో కాబట్టి వాడు సోమయ్య అంటేనే పలుకుతాడు. అమ్మినవాడు పమేరియన్ అన్నాడు, పశువుల డాక్టరుగారు చూసి ఇది మన దేశపు స్పిట్జ్ అన్నారు. ఏదైతేనేం, ఒళ్ళంతా తెల్లటి బొచ్చు. ఆ తెలుపుతో ముందు ముందు పనుంది, గుర్తుంచుకోండి.

మే నెలలో విశాఖపట్నం సంగతి తెలిసిందే. స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్ళీ స్నానం చేయాలనిపిస్తుంది. అరకులో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది ఫోన్ చేసి, "ఇక్కడ రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుంటున్నాం బావా" అన్నాడు. కావాలనే అన్నాడు. ఆ ఆదివారమే బయలుదేరదామని తీర్మానించాం. ఉన్నది నూట పదిహేను కిలోమీటర్లు, అందులో చివరి సగం కొండ.

సోమయ్య ఎప్పుడూ ఘాట్ రోడ్డు ఎక్కలేదు. అందుకని డాక్టరుగారిని అడిగాను. బయలుదేరే ముందు నాలుగైదు గంటలు ఏమీ పెట్టొద్దన్నారు. కిటికీ కొంచెం తెరిచి ఉంచమన్నారు. ఎండలో కారు ఆపి, అద్దాలు మూసి, కుక్కని లోపల వదిలేసి వెళ్ళడం మాత్రం అయిదు నిమిషాలకైనా కుదరదన్నారు. చివరగా, "మాటిమాటికీ పెదాలు నాకడం, చొంగ కార్చడం, ఆవలించడం చూస్తే కడుపులో తిప్పుతోందని అర్థం. వెంటనే బండి ఆపి గాలి తగలనివ్వండి" అన్నారు. ఆ మూడు లక్షణాలూ మా అమ్మాయి చేత బట్టీ పట్టించాను. కొంపముంచింది ఆ బట్టీయే.

సామానులో ముఖ్యమైనది జాడీ. అయిదు కిలోల కొత్తావకాయ. మూడోరోజు తిరగకలిపితే నూనె పైకి తేలి ఎర్రగా నిగనిగలాడుతోంది. కొడుకు హోటల్ తిండి తిని చిక్కిపోయాడని అత్తయ్యగారి బెంగ. జాడీ మూతికి గుడ్డ వాసెన కట్టి, డిక్కీలో పెడితే దొర్లుతుందని తన కాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు. కొండమీద చలేస్తుందని తెచ్చుకున్న శాలువా ఒళ్ళో పరుచుకున్నారు. ఆ శాలువా కిందకి, జాడీ పక్కకి సోమయ్య చేరాడు. ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాం.

పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట వరకూ చెప్పుకోవడానికేమీ లేదు. బొద్దవర దాటాక ఘాట్ మొదలైంది. మా కారుకి పదకొండేళ్ళు, ఏసీ వేస్తే కొండెక్కదు. ఏసీ ఆపి, సెకండ్ గేర్లో, ప్రతి మలుపులోనూ హారన్ కొట్టుకుంటూ ఎక్కిస్తున్నాను. కొండెక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది రూలు. ఆ రూలు గురించి నాకు తప్ప ఆ రోడ్డుమీద ఇంకెవరికీ చెప్పినట్టు లేదు. మా ఆవిడ ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుంది. అత్తయ్యగారు కళ్ళు గట్టిగా మూసుకుని మలుపుకో గోవింద కొడుతున్నారు.

మూడో మలుపులో మా అమ్మాయి కేక పెట్టింది. "నాన్నా, స్నోయీ పెదాలు నాకుతున్నాడు!"

పక్కకి తీసి ఆపాను. సోమయ్య దిగనన్నాడు. శాలువా కిందనుంచి మూతి మాత్రం బయటపెట్టి, నన్ను చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. పాపం, నీరసం అనుకున్నాం. ఇంకో రెండు కిలోమీటర్లు పోయామో లేదో, "నాన్నా, చొంగ!" మళ్ళీ ఆపాను. టైడ దగ్గర మూడోసారి. మేం ఓవర్‌టేక్ చేసిన ఇటుకల లారీ మమ్మల్ని రెండుసార్లు దాటింది. రెండోసారి క్లీనరు చెయ్యి ఊపాడు, బంధువులా.

అనంతగిరిలో అయిదోసారి. రోడ్డుపక్కన బొంగు చికెన్ కాలుస్తున్నారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతుంటే ఆ వాసనకి నా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. సోమయ్య ఒకసారి ఆ వైపు చూసి, మొహం తిప్పుకున్నాడు. కుక్క కోడిని కాదన్నదంటే ఒంట్లో ఎంత బాగాలేదో అని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ వంటలో నూనె చుక్క కూడా వేయరు. సోమయ్య అభ్యంతరం అదేనని అప్పటికి మాకు తెలియదు.

గాలికొండ దగ్గర గాలి బాగుంటుందని, ఈసారి బతిమాలడం మానేసి మా అమ్మాయి వాణ్ణి ఎత్తి కిందకి దించింది.

మూతి ఎరుపు. గెడ్డం ఎరుపు. రొమ్మంతా ఎరుపు. ముందు కాళ్ళు రెండూ మోకాళ్ళ దాకా ఎరుపు. లోయ చూస్తున్న జనమంతా వెనక్కి తిరిగారు.

"అయ్యో! కుక్కని గుద్దేశారు!" అందొకావిడ.

"కాదండీ, మా కుక్కే..."

"సొంత కుక్కనే గుద్దేశారా!"

ఒకాయన 108కి ఫోన్ చేయమన్నాడు. అది మనుషులకి మాత్రమేనని ఇంకొకాయన వాదన పెట్టుకున్నాడు. ఒక కుర్రాడు వీడియో తీస్తున్నాడు. ఇంతలో అత్తయ్యగారు దిగారు. తెల్లచీర, అంచు నుంచి జానెడు మేర ఎరుపు. చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం. ఒక పెద్దాయన మాత్రం నిదానంగా వచ్చి, వంగి, సోమయ్య రొమ్ముమీద వేలు రాసి, వాసన చూసి, నాలిక్కి తగిలించుకున్నాడు.

"పప్పునూనె. ఆవఘాటు బాగా కుదిరింది. ఎవరు పెట్టారు?"

"నేనే బాబూ" అన్నారు అత్తయ్యగారు, చీర సంగతి మరిచిపోయి. "ఈ ఏడు కాయ మంచిది దొరికింది."

ప్రతి మలుపుకీ జాడీ ఒరగడం, పైన తేలిన నూనె గుడ్డలోంచి ఊరడం, ఊరినదాన్ని ఊరినట్టే సోమయ్య ఆరగించడం. ఎస్.కోట దాటినప్పటినుంచీ జరిగింది ఇదీ. ఆ పెదాలు వికారంతో నాకలేదు, రుచికి నాకాడు. ఒక్కగీత సిగ్నల్ దొరికితే డాక్టరుగారికి ఫోన్ కలిపాను. ఆయన ముందు అడిగింది, "వెల్లుల్లి ఉందా అందులో? కుక్కలకి ఉల్లీ వెల్లుల్లీ విషం."

స్పీకర్లో విన్న అత్తయ్యగారికి రోషం వచ్చింది. "మా వంశంలో ఆవకాయలో వెల్లుల్లి వేసిన వాళ్ళు లేరు!"

"అయితే ఫరవాలేదు. నీళ్ళు బాగా పట్టించండి, రేపటిదాకా కనిపెట్టుకుని ఉండండి. అయినా అంత కారం కుక్క నాలిక్కి తగిలితే ఆమడ దూరం పరిగెత్తాలే! ఇదివరకెప్పుడైనా అలవాటుందా?"

అత్తయ్యగారు లోయ వైపు తిరిగి కాఫీ తోటలు చూడసాగారు. అందరం ఆవిడనే చూస్తున్నాం.

"పెరుగన్నంలోకి... ఏదో నలకంత" అన్నారు చివరికి. "చప్పగా ఎలా తింటాడు, వాడు మాత్రం?"

అరకులో ఆ రాత్రి నిజంగానే చలేసింది. అందరూ దుప్పట్లు కప్పుకున్నారు. నేను మాత్రం అరగంటకోసారి సోమయ్య గొలుసు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. పట్టించిన నీళ్ళూ, పట్టిన నూనే ఏ దారిన పోవాలో ఆ దారినే పోయాయి. మిరియాల తీగలు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల వెనక తెల్లవారడం చాలా అందంగా ఉంటుందంటారు. ఉంటుంది, నేను పూర్తిగా చూశాను. పొద్దున్నే బావమరిది జాడీ మూత తీసి, "ఆవకాయ ఇలా పొడిపొడిగా ఉందేంటమ్మా?" అన్నాడు. ఎవరూ జవాబివ్వలేదు.

తిరుగుప్రయాణంలో జాడీ లేదు. సీటు కవర్లు రెండుసార్లు ఉతికినా నారింజరంగులోనే ఉన్నాయి. మూడుసార్లు సబ్బు పెడితే సోమయ్య లేత గులాబీరంగుకి వచ్చాడు. అత్తయ్యగారి ఒళ్ళో, శాలువా మీద దర్జాగా పడుకున్నాడు. గాలికొండ దాటి దిగుతుంటే మా అమ్మాయి అంది, "నాన్నా, పెదాలు నాకుతున్నాడు."

అందరం ఒకటే నవ్వు. "ఇంకా రుచి పోయినట్టు లేదు" అన్నాను.

"చొంగ కూడా కారుస్తున్నాడు నాన్నా."

"కారుస్తాడమ్మా, కొత్తావకాయ కదా" అంది మా ఆవిడ.

"ఆవలిస్తున్నాడు."

ఆపలేదు. ఆపాల్సిందని ఆ తర్వాతి మలుపులోనే తెలిసింది. అత్తయ్యగారు శాలువా నాలుగు కొసలూ జాగ్రత్తగా కలిపి పైకెత్తి పట్టుకుని, మొదటిసారిగా ఘాట్ రోడ్డుమీద కళ్ళు తెరిచి నన్ను చూశారు.

"మూడూ కనిపిస్తే బండి ఆపమని డాక్టరుగారు చెప్పారు కదా, అల్లుడుగారూ!"